జనరేటర్ సెల్లార్‌లోనా, మేడ మీదనా?

ఆల్డర్ బెండ్, నెబ్రాస్కా
మార్చి 4, 1996

చెల్లెలు లిబ్బీకి,

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, మీ వదిన ఆల్బీనా. మంచు కరిగింది. రోడ్లన్నీ బురద.

పక్షవాతం వచ్చాక ఆల్బీనాకు ఎడమ చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మాట మాత్రం పూర్తిగా వచ్చేసింది. ఆసుపత్రి వార్డులో నర్సులు ఆ సంగతి నాకు మళ్లీ మళ్లీ చెబుతున్నారు. సంతోషించి చెబుతున్నారో లేదో తెలియడం లేదు.

ఒక ఇబ్బంది వచ్చిపడింది. నన్ను ఆసుపత్రి కమిటీలో వేశారు. నేను అడగలేదు. ఊరి మీటింగులో మైలో పోస్పిషిల్, అదే దాణా కొట్టు మైలో, "ఏడో మనిషిగా మన ఎమిల్ ఉంటాడు, ఏమంటావ్ ఎమిల్?" అన్నాడు. వద్దని చెప్పడానికి మాటలు కూడదీసుకుంటున్నాను. ఈలోగా చప్పట్లు కొట్టేశారు.

సంగతి ఇది. అప్పట్లో సుడిగాలి వచ్చి ఆసుపత్రి కప్పు ఎత్తుకుపోయింది కదా. అప్పుడు పెద్దలంతా కూర్చుని జనరేటర్, ఆక్సిజన్ సిలిండర్లు, మందుల గది, అన్నిటినీ సెల్లార్‌లోకి దించారు. మొన్నటి వరదకి ఆ సెల్లార్ నిండా నీళ్లు. దీపాలు ఆరిపోయాయి. రోగుల్ని పడవల్లో దాటించారు. ఇప్పుడు ఆసుపత్రిని గట్టి చేసుకోవడానికి రాష్ట్రం డబ్బిస్తానంటోంది. గాలికీ నీటికీ రెండింటికీ తట్టుకునే పద్ధతి ఒకటి మేమే తేల్చి మే నెలాఖరులోగా చెప్పాలి. చెప్పలేకపోతే ముసలివాళ్ల వార్డు మూసేసి, అందులో ఉన్నవాళ్లని నగరానికి పంపేస్తారు.

నగరం అరవై మైళ్లు. కళ్లకు శుక్లాలు వచ్చాక నేను కారు తీయడం లేదు. ఇప్పుడైతే రోజూ మధ్యాహ్నం నడిచి వెళ్లి ఆల్బీనాకు భోజనం తినిపించి వస్తున్నాను.

వర్నా కుచేరా నిన్న గసగసాలు పెట్టి కాల్చిన తీపి బన్నులు, అవే కొలాచీలు, తెచ్చి ఇచ్చింది. చాలా మెత్తగా ఉన్నాయి.

ఇంక రాయడానికి ఏమీ లేదు.

నీ అన్న
ఎమిల్


టూసాన్, అరిజోనా
మార్చి 15

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. కళ్లజోడు వెతుక్కోవడానికి పట్టినంత సేపు కూడా చదవడానికి పట్టలేదు. అయినా నీ లెక్కలో అది పెద్ద ఉత్తరమే. ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. నా మోకాలికి ఈ ఎండ మంచిదని డాక్టరు అంటాడు. మోకాలు ఒప్పుకోదు. పక్కింటావిడ చిలుకను పెంచుతోంది. అది రోజంతా ఆవిడ చచ్చిపోయిన మొగుడి గొంతుతో "తలుపెయ్" అని అరుస్తుంది. నేనే పోయి తలుపు వేసి వస్తున్నాను.

సరే, అసలు విషయానికొస్తాను. ఎవరీ వర్నా? నా పెళ్లిలో నీతో వరసగా డాన్సు చేసిన వర్నాయేనా? ఆవిడ మొగుడు పోయాడా? ఎప్పుడు పోయాడు? నాకెందుకు రాయలేదు?

ఉత్తరమంతా సెల్లార్లూ సిలిండర్లూ రాసి, చివర్లో "చాలా మెత్తగా ఉన్నాయి" అన్నావు. నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఏ వస్తువునైనా చాలా ఏదో ఉందని రాయడం నేను చూడలేదు. నీ పెళ్లైన వారానికి "వదిన వంట ఎలా ఉంది?" అని నేనడిగితే "ఉంది" అన్నావు. గుర్తుందా?

వదిన మంచాన ఉంది. నువ్వు ఇంట్లో ఒక్కడివే ఉన్నావు. నోట్లో నాలుక లేని మనిషివి. ఒక విధవ గసగసాలు పట్టుకుని గుమ్మంలోకి వస్తే ఊరు ఏమనుకుంటుంది? వెంటనే జవాబు రాయి. ఈసారి కాగితం రెండో పక్క కూడా వాడు, దానికి వేరే డబ్బులు తీసుకోరు.

గాభరాగా ఉన్న నీ చెల్లెలు
లిబ్బీ


ఆల్డర్ బెండ్
మార్చి 28

చెల్లెలు లిబ్బీకి,

వర్నా ఆ వర్నాయే. మొగుడు పోయి చాలా కాలమైంది. రాశాననుకున్నాను.

నువ్వనుకున్నట్టు ఏమీ లేదు. ఆవిడ వచ్చింది జనరేటర్ గురించి.

కమిటీలో ముగ్గురు సెల్లార్‌వాళ్లు, ముగ్గురు మేడవాళ్లు. సెల్లార్‌వాళ్లకు వర్నా పెద్ద. సుడిగాలినాడు వాళ్ల ట్రక్కు ఎగిరిపోయి హ్రూబీవాళ్ల చేపల చెరువులో పడింది. వర్నా, మొగుడు, కుక్క సెల్లార్‌లో ఉన్నారు కాబట్టి మిగిలారు. "భూమి కింద ఉన్నదే మనది. పైనున్నదంతా గాలిది" అంటుంది. సెల్లార్ గోడలకు తారు పూసి, బలమైన పంపులు పెట్టి, సామానంతా అక్కడే ఉంచాలని ఆవిడ పట్టు.

అన్నీ మేడ మీదికి ఎక్కించాలనే మేడవాళ్లకు ఆర్లీన్ స్ట్రోమ్‌బర్గ్ పెద్ద. వరద వచ్చినప్పుడు ఆవిడే హెడ్ నర్సు. చీకట్లో నడుము లోతు నీళ్లలో నిలబడి సిలిండర్లు పైకి అందించింది. "ఇంకోసారి ఆ సెల్లార్‌లోకి ఒక్క దూది ఉండ కూడా నేను బతికుండగా దింపనివ్వను" అంటుంది.

వాళ్లిద్దరూ వరద తర్వాత మాట్లాడుకోలేదు. చర్చిలో కూడా చెరో వైపు కూర్చుంటారు. మిగతావాళ్లు ఎవరి వైపో చూసుకుని కూర్చుంటున్నారు. నేను వెనక నిలబడుతున్నాను.

ఏడో ఓటు నాది. ఎవరు మాట్లాడినా నేను తల ఊపుతాను. వింటున్నానని దాని అర్థం. వాళ్లు వేరే అర్థం చేసుకున్నారు. ఇప్పుడు ఇద్దరూ నేను తమవాణ్నే అనుకుంటున్నారు. చేజారకుండా ఉండటానికి వంటలు తెస్తున్నారు. ఆర్లీన్ కోడి నూడుల్స్ పెద్ద గాజు గిన్నెలో తెచ్చింది, పైన చిప్స్ నలిపి చల్లి కాల్చింది. వర్నా మళ్లీ కొలాచీలు. ఫ్రిజ్ తలుపు పడటం లేదు.

నీ సలహా ఒకటి కావాలి. గిన్నెల అడుగున పేర్లు రాసి టేపు అంటించి ఉంది. తిరిగి ఇవ్వాలి. ఖాళీ గిన్నె వెనక్కి పంపడం ఆల్బీనా ఎన్నడూ చెయ్యలేదు. నాకు వంట రాదు. వాటిలో ఏం పెట్టి పంపాలి? ఆల్బీనాను అడుగుదామనుకున్నాను. నవ్వుతుంది.

ఆల్బీనా మంచం మేడ మీద పడమటి గదిలో వేశారు. పెద్ద కిటికీ. మబ్బు ఎటునుంచి వస్తోందో నర్సులకు చెబుతూ ఉంటుంది. రేడియో కన్నా ముందు చెబుతుంది.

ఈసారి రెండో పక్క వాడాను.

ఎమిల్


టూసాన్
ఏప్రిల్ 6

అన్నయ్యా,

ఒకరు అనుకుంటే ఇద్దరా!

జనరేటర్ గురించి కోడి నూడుల్స్ తెస్తారా ఎవరైనా? నాకూ వయసొచ్చింది. మా ఆయన పోయిన నెలకే ఎదురు వీధి ముసలాయన మా కొళాయి బాగు చేస్తానని వచ్చాడు. కొళాయి బాగానే ఉందన్నాను. అయినా వచ్చాడు. మగవాళ్లు కొళాయి పేరు చెప్పుకుని వస్తారు, ఆడవాళ్లు నూడుల్స్ పేరు చెప్పుకుని వస్తారు. చిప్స్ చల్లిందంటున్నావు, అదింకా ప్రమాదం. మామూలు మీటింగుకి ఎవరూ చిప్స్ చల్లరు.

గిన్నెల సంగతి. ఖాళీగా పంపకు, మన ఇంటి పరువు పోతుంది. అలాగని మరీ మంచిది పెట్టి పంపకు, ఆశ పెట్టినట్టవుతుంది. ఇంట్లో ఏది ఉంటే అది పెట్టు. ఎవరి గిన్నె వాళ్లకి గుమ్మం బయట నిలబడి ఇచ్చెయ్. లోపలికి రమ్మన్నా వెళ్లకు.

ఈ విషయం వదిన దగ్గర దాచడం నాకు నచ్చలేదు. అందుకని ఆవిడకు నేనే ఒక ఉత్తరం రాసి పడేశాను. కంగారు పెట్టకుండా, జాగ్రత్తగా, మెల్లగా రాశాను. "వదినా, నీ మొగుడి చుట్టూ ఇద్దరు తిరుగుతున్నారు" అని మాత్రం.

చిలుకకు జబ్బు చేసింది. తలుపులు అన్నీ తెరిచే ఉన్నాయి.

నీ మేలు కోరే
లిబ్బీ


ఆల్డర్ బెండ్
ఏప్రిల్ 17

లిబ్బీకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. కొంప మునిగింది.

ఇంట్లో ఏది ఉంటే అది పెట్టమన్నావు. ఇంట్లో ఉన్నవి రెండే. కొలాచీలూ, నూడుల్సూ. నేనొక్కణ్నే అన్నీ తినలేను, పారేయడానికి మనసొప్పలేదు. వర్నా గిన్నెలో నూడుల్స్ పెట్టాను. ఆర్లీన్ గిన్నెలో కొలాచీలు సర్దాను. బట్ట కప్పి, ఎవరివి వాళ్లకి ఇచ్చి వచ్చాను. బాగా ఆలోచించానని అనుకున్నాను.

ఈ ఊళ్లో ఎవరి చేతి వంట ఏదో మూత తియ్యకుండానే చెప్పేస్తారు. నాకు ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

గంట తిరక్కుండా వర్నా వచ్చింది. గిన్నె పట్టుకునే వచ్చింది. "ఇదా ఎమిల్, నీ జవాబు? మొహం మీద చెప్పలేక నూడుల్స్‌తో చెప్పి పంపావా?" అంది. అది జవాబు కాదు, భోజనం అని చెబుదామనుకున్నాను. ఆవిడ వెళ్లిపోయింది.

సాయంత్రం ఆర్లీన్ ఫోన్ చేసింది. "ఎమిల్ గారూ, వర్నా చేతి గసగసాలు ముట్టుకోనని నేను ఒట్టేసుకున్న సంగతి ఊరంతటికీ తెలుసు. మీకు ఏమాత్రం గౌరవం ఉన్నా ఇలా చేసేవారు కాదు" అంది. ఒట్టు సంగతి నాకు తెలియదు. తల ఊపాను. ఫోన్లో తల ఊపితే వినపడదు.

ఇప్పుడు ఇద్దరూ నన్ను అవతలివాళ్ల మనిషి అంటున్నారు. భోజనాలు ఆగిపోయాయి. గుడ్లు ఉడకబెట్టుకుంటున్నాను.

నీ ఉత్తరం ఆల్బీనాకు చేరింది. వార్డులో అందరికీ వినపడేలా చదివించుకుంది. నర్సులు నన్ను పెళ్లికొడుకా అని పిలుస్తున్నారు. నేను వెళ్లేసరికి ఆల్బీనా తల దువ్వించుకుని, లిప్‌స్టిక్ వేయించుకుని కూర్చుంది. "పోటీ ఉందట గదా, వెనకపడకూడదనీ" అంది.

మొన్న సుడిగాలి సైరన్ మోగింది. ఊరంతా వరండాల్లోకి వచ్చి ఆకాశం చూశాం. కొత్తగా వచ్చిన మాస్టారు కుటుంబం ఒక్కటే సెల్లార్‌లోకి వెళ్లిందట. ఏమీ రాలేదు, వడగళ్లు పడి పోయింది.

మే నెలాఖరు దగ్గరికొచ్చేస్తోంది. కమిటీ ఒక గదిలో కూర్చోవడం కూడా మానేసింది. నాకు భయంగా ఉంది.

ఎమిల్


టూసాన్
ఏప్రిల్ 26

అయ్యో అన్నయ్యా,

ఇంట్లో ఉన్నది పెట్టమంటే ఉడకబెట్టిన బంగాళాదుంపలో, యాపిల్ పళ్లో పెడతావనుకున్నాను. ఒకావిడ గిన్నెలో రెండోవిడ వంట పెట్టి పంపినవాణ్ని భూమ్మీద నిన్నే చూశాను. అమ్మ బతికుంటే ఈ మాట విని మళ్లీ పోయేది.

ఇంకో ముఖ్యమైన సంగతి. వదిన నాకు జవాబు రాసింది. రాయించింది. మొత్తం ఉత్తరంలో ఒక్కటే వాక్యం. "లిబ్బీ, ఇద్దరిలో ఎవరి వంట బాగుందో కనుక్కుని చెప్పు, మీ అన్నయ్యని వాళ్లకే ఇచ్చేస్తాను."

చదివి నా గుండె గుభేలుమంది. ఎంత కుమిలిపోతే ఆ మాట రాస్తుంది! నువ్వేమో లిప్‌స్టిక్ అంటావు, నవ్వు అంటావు. ఆడదాని నవ్వు నీకేం తెలుసు. వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకో. కుడి చెయ్యి పట్టుకో, ఎడమ చెయ్యి ఆవిడకు తెలియదు కదా. నాలుగు ముక్కలు మాట్లాడు. వాతావరణం గురించి కాదు.

వార్డు మూసేస్తారంటే నిజమేనా? నేను ఏదో మాటవరసకి అన్నావనుకున్నాను. వదినని నగరానికి తీసుకెళితే నువ్వెలా వెళతావు? బస్సు ఉందా? లేకపోతే నేను వచ్చెయ్యనా? మోకాలు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చిలుక కోలుకుంది. ఇప్పుడు నా గొంతుతో "వస్తున్నా, వస్తున్నా" అంటోంది.

లిబ్బీ


ఆల్డర్ బెండ్
మే 9

లిబ్బీకి,

నువ్వు రావద్దు. ఇక్కడ మెట్లు ఎక్కువ. బస్సు లేదు, అది నిజం.

ఆల్బీనా చెయ్యి పట్టుకున్నాను. "నాడి చూస్తున్నావా ఏంటయ్యా?" అంది. నీ ఉత్తరం సంగతి చెప్పాను. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. కుమిలిపోవడం లేదు.

మిగతాది వరసగా రాస్తాను. చాలా జరిగింది.

ఆదివారంనాడు వర్నా మా ఇంటికి వచ్చింది, నాతో తేల్చుకోవడానికి. అదే సమయానికి ఆర్లీన్ కూడా వచ్చింది, అందుకే. ఇద్దరూ వరండాలో ఎదురుపడ్డారు. వెనక్కి వెళితే ఓడిపోయినట్టని ఎవరూ వెళ్లలేదు. ఇద్దరూ లోపలికొచ్చి వంటింటి బల్లకు చెరో చివర కూర్చున్నారు. నేను మధ్యలో కూర్చున్నాను. నాకు వేరే కుర్చీ లేదు.

"నీ నూడుల్స్ ఉప్పు కషాయం" అంది వర్నా.

"తిన్నావన్నమాట" అంది ఆర్లీన్.

"పారేయడానికి నేనేమన్నా డబ్బున్నదాన్నా?"

"నీ కొలాచీ నేను నోట్లో పెట్టుకోలేదు. మా ఆయన తిన్నాడు. అన్నీ తిన్నాడు. ఆ రోజు నుంచీ నన్ను నేర్చుకోమంటున్నాడు. నాకు కావలసింది ఇదా, వర్నా?"

వర్నాకు నవ్వొచ్చింది. ఆపుకుంది గాని నేను చూశాను. తర్వాత ఇద్దరూ అరుచుకున్నారు. వరద గురించి అరిచారు, సుడిగాలి గురించి అరిచారు. ఆర్లీన్ ఆ రాత్రి సిలిండర్లు అందిస్తుంటే చేతులు తిమ్మిరెక్కి ఒకటి జారిపోయిందని చెప్పి ఏడ్చింది. అది ఎవరికీ తెలియదు. వర్నా కూడా ట్రక్కు సంగతి కాకుండా మిగతాదంతా చెప్పింది. సెల్లార్ తలుపును మొగుడూ తనూ ఇద్దరూ పట్టుకుని వేలాడారట. సాయంత్రమైంది. గుడ్లు ఉడకబెట్టి పెట్టాను. తిన్నారు.

ఆ మర్నాడే కమిటీ ఒక గదిలో కూర్చుంది. రాష్ట్రం తరఫున ఇంజనీరు వచ్చింది, మిస్ డెల్గాడో. చిన్న వయసు, గట్టి బూట్లు. ఆవిడ చలికాలంలోనే ఒక ఉపాయం కాగితం మీద పంపిందట. ఎవరూ విప్పి చూడలేదు. "సెల్లార్‌లో పెడితే నీరు, మామూలు మేడ మీద పెడితే గాలి. కాబట్టి మేడ మీదే కాంక్రీటు గది కట్టండి. గోడలూ కప్పూ అన్నీ కాంక్రీటే, ఇనప తలుపు, కిటికీలు లేకుండా. ఒక పక్క జనరేటర్, సిలిండర్లు. రెండో పక్క సైరన్ మోగగానే రోగులందరినీ చేర్చుకోవచ్చు. నీరు అంత ఎత్తుకి రాదు, గాలి దాన్ని కదల్చలేదు" అంది. వర్నా ఆర్లీన్ మొహం చూసింది. ఆర్లీన్ వర్నా మొహం చూసింది. ఇద్దరికీ తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

అప్పుడు మైలో అడిగాడు, ఎక్కడ కడతారని. ఆ బరువు మోయగలిగిన స్తంభాలు పాత కట్టడంలో ఒక్కచోటే ఉన్నాయంది. పడమటి చివర.

అది ఆల్బీనా గది. కిటికీ మూసేస్తారు. ఆల్బీనాను తూర్పువైపు గదిలోకి మారుస్తారు. అక్కడి కిటికీలోంచి బట్టలుతికే షెడ్డు గోడ కనిపిస్తుంది.

అందరూ నావైపు తిరిగారు. నేను తల ఊపలేదు, ఈసారి జాగ్రత్తగా ఉన్నాను. వర్నా లేచి, "ఆల్బీనా కిటికీ తీసుకునే పనైతే నేను ఒప్పుకోను" అంది. ఆర్లీన్ "నేనూ ఒప్పుకోను" అంది. ఆరుగురూ ఒప్పుకోం అన్నారు. ఆ కమిటీ ఒక్కమాట మీదికి రావడం అదే మొదటిసారి.

కాబట్టి మళ్లీ ఏమీ తేలలేదు. తేలకపోతే వార్డు పోతుంది. నా మీద జాలిపడి వార్డు పోగొడుతున్నారు. వాళ్లకి ఆ మాట చెప్పాలి. ఆల్బీనాకు ఇంకా ఏమీ చెప్పలేదు.

ఎమిల్


టూసాన్
మే 17

అన్నయ్యా,

కిటికీ లేని కాంక్రీటు గదిలో వదినని పెట్టి ఇనప తలుపు వేస్తారా? అది ఆసుపత్రా, సమాధా? మనుషులేనా వాళ్లు? గసగసాలు పెట్టిన చేతులతోనే గోడ కట్టేస్తారా?

నీ ఉత్తరం సగం చదివి ఊరుకోలేకపోయాను. కూర్చుని మైలో పోస్పిషిల్‌కి ఉత్తరం రాసి పోస్టు చేసి వచ్చాకే మిగతా సగం చదివాను. నువ్వు మాట్లాడవు కదా, నీ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. చిన్నప్పుడు బడిలో వాడు మూడుసార్లు నా జడ సిరాలో ముంచాడు, ఆ సంగతి కూడా రాశాను.

మిగతా సగం చదివాక ఏదో కొంచెం తేడాగా అనిపించింది. కానీ అప్పటికే పోస్టు వెళ్లిపోయింది. ఏమైనా గట్టిగా రాయడం మంచిదే.

వదినకి ముందు నువ్వే చెప్పు. వేరేవాళ్ల నోట వినకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ముందు రాయలేదు చూడు, ఎంత ఓర్చుకున్నానో!

లిబ్బీ


ఆల్డర్ బెండ్
జూన్ 1

లిబ్బీకి,

నీ ఉత్తరం మైలో మీటింగులో చదివాడు. మొత్తం చదివాడు. జడ సంగతి కూడా చదివాడు. "నా వదినగారిని గోడలో పెట్టి కట్టడానికి మీకెంత ధైర్యం" అన్నచోట మిస్ డెల్గాడో పెన్సిల్ కింద పెట్టేసి, "నా ప్లానులో ఆ మాట ఎక్కడుంది?" అని అడిగింది. హాలంతా నవ్వారు. మైలో నీకు క్షమాపణ చెప్పమన్నాడు, సిరా గురించి.

ఆ నవ్వు ఇంకా ఆగకముందే నేను లేచాను. ఆగాక లేస్తే అందరూ నావైపే చూస్తారు.

అంతకుముందు రోజు ఆల్బీనాకు చెప్పాను. భోజనం అయ్యేదాకా చెప్పలేకపోయాను. ఆవిడే "గొంతులో ఏం అడ్డుపడింది, చెప్పెయ్" అంది. గది సంగతి, కిటికీ సంగతి, నగరం సంగతి చెప్పాను. కిటికీలోంచి చాలాసేపు చూసింది. పడమట పొలాల మీద వాన కాళ్లు దిగుతున్నాయి.

"నగరంలో కిటికీలు బోలెడుంటాయి కదూ?" అంది.

ఉంటాయన్నాను.

"నువ్వుండవు" అంది.

ఆ తర్వాత, "షెడ్డు గోడకి ఏ రంగు వేశారు?" అని అడిగింది. బూడిద రంగన్నాను. "బాగానే ఉంటుంది, మబ్బులానే ఉంటుంది. వెళ్లి చెప్పు. నువ్వే చెప్పు. మైలో చేత చెప్పించకు" అంది.

అందుకని లేచాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కుర్చీ వీపు పట్టుకున్నాను. "గది తీసుకోండి. ఆల్బీనా ఒప్పుకుంది. మీరు కిటికీ కాపాడితే మనిషి అరవై మైళ్ల దూరం పోతుంది. నేను అంత దూరం నడవలేను" అన్నాను. కూర్చున్నాను.

తప్పుగా మాట్లాడానేమోననుకున్నాను. తర్వాత వర్నా చెయ్యెత్తింది. ఆర్లీన్ ఎత్తింది. ఏడుగురం ఎత్తాం. మైలో లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు.

కాగితాలు గడువులోపే వెళ్లాయి. వార్డు ఉంటుంది.

ఇప్పుడు వర్నా లోపలి గోడలకు పసుపు రంగు వెయ్యాలంటోంది, ఆర్లీన్ ఆకుపచ్చ అంటోంది. ఇద్దరూ విడివిడిగా నన్ను అడిగారు. ఊరు వదిలి చేపలు పట్టడానికి వెళ్లాను.

ఎమిల్


టూసాన్
జూన్ 12

అన్నయ్యా,

ఆ నాలుగు వాక్యాలూ చదివి ఏడ్చాను. పక్కింటావిడకు చదివి వినిపిస్తే ఆవిడా ఏడ్చింది. చిలుక "తలుపెయ్" అంది.

హాలంతా నా ఉత్తరం విని నవ్విందని రాశావు. నవ్వనీ. ఆ నవ్వు లేకపోతే నువ్వు లేచేవాడివా? కాబట్టి ఆసుపత్రిని నిలబెట్టింది నేనే. ఈ మాట మైలోకి కూడా రాస్తున్నాను.

అయినా ఒకటి చెప్పు. సుడిగాలి వచ్చిందంటే వదిన చూడకుండా ఊరుకుంటుందా? పెళ్లైన కొత్తలో సైరన్ మోగితే మీరిద్దరూ వరండాలో నిలబడి చూసేవారు. నేను సెల్లార్‌లోంచి "రండి, రండి" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేదాన్ని. ఆవిడను కాంక్రీటు పెట్టెలో ఎలా కూర్చోబెడతావు?

లిబ్బీ


ఆల్డర్ బెండ్
మే 20, 1997

లిబ్బీకి,

టీవీలో చూసి కంగారుపడుతుంటావని రాస్తున్నాను. మేమిద్దరం బాగున్నాం. ఊళ్లో మనుషులందరూ ఉన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం తినిపిస్తుండగా సైరన్ మోగింది. నర్సులు మంచాలు తోసుకుంటూ వచ్చారు. మేమూ వెళ్లాం. కాంక్రీటు గదిలో వార్డువాళ్లం, కింది అంతస్తువాళ్లు, ఆ వేళకి వచ్చి ఉన్న ఆర్లీన్, ఆవిణ్ని తీసుకెళ్లడానికి వచ్చిన వర్నా. తలుపు బిగించారు. గోడలు సగం పసుపు, సగం ఆకుపచ్చ.

బయట చప్పుడు మొదలైంది. రైలు మీదికొస్తున్నట్టు ఉంటుందంటారు కదా, రైలు ఇంకా నయం. ఒక ముసలాయన ఏడుస్తున్నాడు. ఆల్బీనా నా చొక్కా పట్టుకుని లాగింది.

"నా కిటికీ ఎటుండేదయ్యా?"

చూపించాను. కుర్చీ అటు తిప్పమంది. తిప్పాను. ఎదురుగా గోడ.

"సరే, ఏం కనిపిస్తోందో చెప్పు."

"గోడ" అన్నాను.

"గోడ నాకూ కనిపిస్తోంది. బయట ఏముందో చెప్పవయ్యా. కిటికీ ఇచ్చేసింది నువ్వే కదా!"

అందరూ వింటున్నారు. కానీ ఆవిడ నా చొక్కా వదల్లేదు. అందుకని మొదలుపెట్టాను. పడమట అంతా నల్లగా ఉందన్నాను. కింద ఆకుపచ్చ చార ఉందన్నాను. హ్రూబీవాళ్ల పొలం అవతల దిగుతోంది, తోకలా సన్నగా ఉంది, ఇప్పుడు లావవుతోంది అన్నాను. ఆగితే చొక్కా లాగుతోంది. మళ్లీ చెబుతున్నాను. తోక కాదు, గరాటులా ఉంది. చెరువు మీదికి వచ్చింది, నీళ్లు పైకి లేచాయి.

"నా కొట్టం సంగతేంటి ఎమిల్?" అంది వర్నా వెనకనుంచి.

నిలబడే ఉందన్నాను.

"ఆర్లీన్ వాళ్లది?"

అదీ నిలబడే ఉందన్నాను.

"ఎమిల్ గారూ, సరిగ్గా చూసి చెప్పండి" అంది ఆర్లీన్.

గోడకి ఇంకొంచెం దగ్గరికి వెళ్లి చూశాను. నిజంగానే వెళ్లాను. నిలబడే ఉందని చెప్పాను. ఏడుస్తున్న ముసలాయన ఏడుపాపి తన ఆవుల గురించి అడిగాడు. ఇంకెవరో చర్చి గంట గురించి అడిగారు. అందరి ఇళ్లూ ఒక్కొక్కటీ చూసి చెప్పాను. నా జీవితం మొత్తంలో అంత మాట్లాడి ఉండను. చెవులు గింగురుమన్నాయి, గది అదిరింది, పై కప్పు మీద ఏదో పడి దొర్లింది. లైటు ఒక్కసారి కూడా ఆరలేదు. గోడ అవతల జనరేటర్ ఆడుతూనే ఉంది.

తలుపు తీసి చూస్తే తూర్పు భాగం మీద కప్పు లేదు. షెడ్డు లేదు. ఆల్బీనా మంచం ఉండే చోట అడ్డంగా ఒక దూలం పడి ఉంది. కింద నీళ్ల గొట్టాలు పగిలి సెల్లార్ నిండిపోయింది. అందులో ఏమీ లేదు, పాత కుర్చీలు తప్ప. వర్నా కొట్టం నిలబడే ఉంది. ఆర్లీన్ వాళ్ల కొట్టం పోయింది. నేను ఆవిణ్ని తలెత్తి చూడలేకపోయాను. ఆవిడే వచ్చి, "గంటసేపైనా ఉంచారు కదా ఎమిల్ గారూ" అంది.

ఆల్బీనాను చక్రాల కుర్చీలో బయటికి తీసుకెళ్లి అంతా చూపించాను. ఆ దూలాన్ని చాలాసేపు చూసింది.

"షెడ్డు పోయిందని చెప్పలేదేం?" అంది.

"అది తూర్పున ఉంది కదా. నీ కిటికీలోంచి కనిపించదు" అన్నాను.

వార్డు మూడు రోజుల్లో మళ్లీ తెరుస్తారు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది, కాబట్టి ఇంక రాయలేను.

ఎమిల్